చంపవలసినది దేనిని? 'మార్టిఫికేషన్' అనే మాట చరిత్ర, తెలుగు బైబిలు, మన్యపు సంఘము

ప్రవేశిక

ఇంగ్లీషు వ్యాఖ్యాన గ్రంథములు చదివే మన కాపరులకు, వేదాంత విద్యార్థులకు 'మార్టిఫికేషన్' అనే మాట తరచుగా ఎదురవుతుంది. రోమా 8:13, కొలొస్సయి 3:5 వచనముల దగ్గర ఈ మాట లేని పాత వ్యాఖ్యానము దాదాపు ఉండదు. నేటి ఇంగ్లీషు మాట్లాడేవారిని అడిగితే ఈ మాటకు 'భరించలేని సిగ్గు', 'నలుగురిలో తలవంపులు' అనే అర్థము చెప్తారు. పదిమందిలో మాట జారి, భూమి చీలితే బాగుండునని అనిపించినప్పుడు వారు వాడే మాట ఇదే. అపొస్తలుడైన పౌలు ఆజ్ఞను వివరించడానికి వాడిన మాటకు, సభలో కలిగే తలవంపుకు ఒకటే పేరు ఎలా వచ్చింది?

ఇది నిఘంటువులతో తీరిపోయే ప్రశ్న కాదని మా అభిప్రాయము. పాపమును చంపడము, పాపము చేసినవానిని సిగ్గుతో చంపడము అనేవి రెండు వేరు వేరు పనులు. ఈ రెండూ ఒకే పేరు క్రింద చేరితే సంఘ క్రమశిక్షణ దారి తప్పుతుంది. మేము సేవ చేసే పార్వతీపురం ప్రాంతములో, మైదానపు పల్లెలలో గానీ కొండమీది గూడేలలో గానీ, సిగ్గు అనేది చిన్న విషయము కాదు. పరువు పోయిందని ఊరు విడిచినవారున్నారు, ఆరాధనకు రావడము మానినవారున్నారు, ప్రాణము తీసుకొన్నవారూ ఉన్నారు. కనుక ఈ మాట చరిత్రను మొదటినుండి పరిశీలించి, తెలుగు బైబిలు ఎంచుకున్న మాటను దాని ప్రక్కన పెట్టి చూడడము ఈ వ్యాస ఉద్దేశము.

1. మాట పుట్టుక

ఇది లాటిన్ మాట. 'మోర్స్' అంటే మరణము, 'ఫాకెరె' అంటే చేయడము. రెండూ కలిసి 'మోర్టిఫికారె' అయ్యింది. చచ్చిపోయేలా చేయడము, అనగా చంపడము అని దీని సూటియైన అర్థము. వల్గేటు అని పేరుపొందిన లాటిన్ బైబిలు ఈ మాటను పశ్చిమ సంఘమంతటికీ అలవాటు చేసింది.

గ్రీకు మూలములో పౌలు ఒకే మాట వాడలేదు. రోమా 8:13లో 'థనటోఓ' అనే క్రియ ఉన్నది. దీనికి మరణమునకు అప్పగించడమని అర్థము. కొలొస్సయి 3:5లో 'నెక్రోఓ' అనే క్రియ ఉన్నది. అంటే శవముగా, ప్రాణము లేనిదిగా చేయడము. దానినుండి వచ్చిన 'నెక్రోసిస్' అనే నామవాచకము రెండు చోట్ల కనబడుతుంది. రోమా 4:19లో అది శారా గర్భమును గూర్చినది. 2 కొరింథీ 4:10లో అపొస్తలులు తమ శరీరమందు మోసుకొని తిరిగిన యేసు మరణమును గూర్చినది. లాటిన్ అనువాదము రోమా 8:13లోను, కొలొస్సయి 3:5లోను, 2 కొరింథీ 4:10లోను ఒకే ధాతువును వాడింది. ఆ విధముగా గ్రీకులో వేరువేరుగా ఉన్న మాటలు లాటిన్‌లో ఒక్క మాట క్రిందికి చేరాయి.

పాత నిబంధనలో హన్నా ప్రార్థన కూడా గమనార్హము. 1 సమూయేలు 2:6లో యెహోవా చంపువాడు, బ్రదికించువాడు అనే భావమున్నది. వల్గేటు అక్కడ కూడా ఇదే క్రియను వాడి, దానికి జంటగా 'వివిఫికారె', అనగా బ్రదికించడము, అనే క్రియను పెట్టింది. ఈ జంట తరువాతి దైవశాస్త్రములో చాలా దూరము ప్రయాణము చేసింది. ఇంకొక మాట కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. హన్నా అప్పటికే పెనిన్నా చేత అవమానము పొందిన స్త్రీ. ఆమె ప్రార్థనలో దేవుడు దరిద్రులను మంటిలోనుండి లేవనెత్తేవాడు. చంపడము అనే మాట అక్కడ అవమానము పొందినవారిని ఇంకా అణచడానికి వాడబడలేదు.

2. మఠమునుండి సంస్కరణ వరకు

4వ, 5వ శతాబ్దములలో ఐగుప్తు, సిరియా అరణ్యములలో సన్యాసులు పెరిగారు. సిరియాలో సిమియోను అనే భక్తుడు స్తంభము మీద దశాబ్దాలపాటు నివసించి 459లో మరణించాడు. ఇటువంటివారి ద్వారా 'శరీరమును చంపడము' అంటే దేహమును బాధించడము అనే భావన బలపడింది. ఉపవాసము, జాగరణ, గరుకైన వెంట్రుకల వస్త్రము, కొరడా దెబ్బలు ఈ మాట క్రిందికి వచ్చాయి. ఇటలీలో 1260లోను, తిరిగి 1349లో ప్లేగు వ్యాపించిన కాలములో ఐరోపా అంతటా, గుంపులు గుంపులుగా జనులు వీధులలో తమ్మును తాము కొట్టుకొంటూ ఊరేగారు. 1349లో ఆరవ క్లెమెంటు పోపు ఆ ఊరేగింపులను ఖండించాడు. బాధను నలుగురి ఎదుట ప్రదర్శించడము వలన అది భక్తియా, వేడుకా అనే సందేహము ఆనాడే పుట్టింది.

లూథరు 1505లో ఎర్‌ఫుర్ట్ మఠములో చేరి ఇవన్నీ స్వయముగా అనుభవించినవాడు. 1517లో ఆయన వ్రాసిన 95 సిద్ధాంతములలో మూడవది ఈ మాటనే వాడింది. లోపలి మారుమనస్సు బయట శరీర క్రియలను చంపడములో కనబడకపోతే అది వ్యర్థమని దాని సారాంశము. కనుక సంస్కర్తలు ఈ మాటను పారవేయలేదు. దాని వెనుక ఉన్న పుణ్యము లెక్కను పారవేశారు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 26వ అధికరణము, దేహమును అదుపులో ఉంచుకోవడము మంచిదేననీ, దానివలన కృప సంపాదించవచ్చని అనుకోవడము తప్పనీ చెప్పింది. బ్రెక్లుం మిషన్ ద్వారా లూథరన్ వారసత్వము పొందిన మా ప్రాంతపు సంఘములకు ఇది సొంత ఆస్తి వంటిది.

కాల్విను 1559 నాటి 'ఇన్‌స్టిట్యూట్స్' తుది ప్రతిలో, మూడవ గ్రంథము మూడవ అధ్యాయములో మారుమనస్సుకు రెండు భాగములున్నాయని బోధించాడు. ఒకటి చంపడము, రెండవది బ్రదికించడము. 1563 నాటి హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 88వ ప్రశ్న కూడా ఇదే జంటను ప్రాచీన పురుషుని మరణము, నవీన పురుషుని పునరుజ్జీవము అని చెప్పింది. ఈ బోధలలో ఎక్కడా చంపడము ఒంటరిగా లేదు. బ్రదికించడము లేని చోట చంపడము హత్య మాత్రమే అవుతుంది.

3. వైద్యుని చేతిలో, న్యాయవాది చేతిలో

ఇంగ్లీషులో ఈ మాట మధ్యయుగములలో ప్రవేశించింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు రోమా 8:13లోను, కొలొస్సయి 3:5లోను దీనినే వాడింది. అయితే గుడి బయట ఈ మాట వేరే దారులు తొక్కింది.

వైద్యులు దీనిని కుళ్ళిన అవయవమునకు వాడారు. గాయము విషమించి, రక్తము ఆడక, మాంసము నల్లబడి చచ్చిపోయే స్థితిని 19వ శతాబ్దము వరకు ఇంగ్లీషు వైద్యులు ఈ పేరుతోనే పిలిచారు. మనము ఇప్పుడు గాంగ్రీన్ అంటాము. సూక్ష్మముగా చెప్పవలసి వచ్చినప్పుడు వైద్యులు 'నెక్రోసిస్' అంటారు. అది పౌలు వాడిన గ్రీకు మాటే. ఒకే మాట వైద్యుని పుస్తకములో తొలగించవలసిన చావును, అపొస్తలుని పత్రికలో యేసు జీవము బయలుపడే చావును చెప్తున్నది.

స్కాట్లండు న్యాయశాస్త్రములో దీనికి మరొక అర్థమున్నది. సంఘమునకో, ఆసుపత్రికో, పాఠశాలకో శాశ్వతముగా వ్రాసి ఇచ్చిన ఆస్తిని ఈ పేరుతో పిలిచేవారు. అటువంటి ఆస్తి తిరిగి చేతులు మారదు గనుక అది లోకపు లెక్కలో చచ్చినట్టే. ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డు 1279లో చేసిన శాసనము కూడా ఇటువంటి దానములనే అదుపు చేసింది. దానిని 'చచ్చిన చేతి' చట్టము అని పిలిచేవారు. మిషన్ కాంపౌండ్ల స్థలముల కోసము న్యాయస్థానములకెక్కుతున్న మన సంఘములు ఈ అర్థమును కూడా ఒకసారి తలపోయడము మంచిది. ప్రభువు పనికి ఇచ్చినది ఇచ్చినవాని స్వార్థమునకు చచ్చినది. అది మరొకరి స్వార్థమునకు తిరిగి లేవకూడదు.

4. సిగ్గు అనే అర్థము

ఇక మన ప్రధాన ప్రశ్న. 17వ శతాబ్దములో ఇంగ్లీషు రచనలలో ఈ మాట గర్వభంగము, తలవంపు అనే అర్థములో కనబడుతుంది. దారి ఊహించడము కష్టము కాదు. దేహమును బాధించడము 'చంపడము' అయితే, గర్వమును దెబ్బతీసే ప్రతిదీ ఒక చంపడమే. భక్తుడు తనంతట తాను కోరుకొని చేసిన పని, క్రమముగా ఇతరులు మనకు చేసే పని అయ్యింది. 19వ శతాబ్దము మొదట జేన్ ఆస్టెన్ నవలలు వ్రాసే నాటికి ఈ మాట విందు గదులలో, పెండ్లి మాటలలో దెబ్బతిన్న అభిమానమునకు సాధారణ పేరు. దేవుడు ఆ వాక్యములలో లేడు. చూసే నలుగురు మాత్రమే ఉన్నారు.

అదే 17వ శతాబ్దములో జాన్ ఓవెన్ 1656లో రోమా 8:13 మీద తన ప్రసిద్ధ గ్రంథమును ప్రచురించాడు. అప్పుడు ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతి. ఆయన వాదనలో ముఖ్యమైనది, వచనములోని 'ఆత్మచేత' అనే షరతు. పరిశుద్ధాత్మ లేకుండా, మనిషి తన బలముతో పాపమును చంపబూనడము స్వనీతికి దారి తీస్తుందని ఆయన హెచ్చరించాడు. ఇది బయటివారి చూపుతో జరిగే పని కాదు.

కాని సంఘము ఆచరణలో బయటివారి చూపునే ఎక్కువగా నమ్మింది. తొలి శతాబ్దములలో ఘోర పాపములకు బహిరంగ పశ్చాత్తాపము ఉండేది. దానికి ఒక మేలైన ఉదాహరణ ఉన్నది. 390లో థెస్సలొనీకలో ప్రజలను ఊచకోత కోయించిన థియొడోసియస్ చక్రవర్తిని మిలాను బిషప్పు అంబ్రోసు సంస్కారమునకు రానివ్వలేదు. చక్రవర్తి పశ్చాత్తాపపడిన తరువాతనే చేర్చుకొన్నాడు. అక్కడ సిగ్గుపడవలసివచ్చినది బలవంతుడు. సంస్కరణ తరువాత స్కాట్లండు సంఘములలో 'పశ్చాత్తాపపు పీట' అనేది వెలిసింది. తప్పు చేసినవారు ఆదివారము ఆరాధనలో అందరి ఎదుట దానిమీద కూర్చొని గద్దింపు వినేవారు. వ్యభిచార నేరము మీద దానిమీద కూర్చొన్నవారిలో దిక్కులేని పడుచులు, పనికత్తెలు ఎందరో. అంబ్రోసు దినములలో చక్రవర్తి మీదికి వెళ్లిన క్రమశిక్షణ, తరువాత బలహీనుల మీదికి దిగింది. చరిత్రలో ఈ జారుడు మనకు హెచ్చరిక.

5. తెలుగు బైబిలు ఎంచుకున్న మాట

తెలుగులో లేఖనములను పెట్టే ప్రయత్నము 18వ శతాబ్దములో మద్రాసులో బెంజమిను షుల్జ్ చేతితో మొదలైంది. ఆయన అనువాదము అచ్చుకాలేదు. మా ఉత్తరాంధ్రకు సంబంధించినంతవరకు 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషన్ సేవకులు జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజిలు ముఖ్యులు. ఆనందరాయరు అనే తెలుగు పండితుడు వారికి సహాయము చేశాడు. క్రాను 1809లో, డెగ్రాంజి 1810లో మరణించారు. వారి శ్రమ ఫలముగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. 1818లో క్రొత్త నిబంధన, 1854లో సంపూర్ణ బైబిలు వెలువడ్డాయి. ఆ తరువాత సవరణలు జరిగి, మన సంఘములలో నేటికీ చదివే పాత అనువాదము స్థిరపడింది.

ఈ అనువాదములో రోమా 8:13, కొలొస్సయి 3:5 వచనముల దగ్గర ఉన్న క్రియ 'చంపు'. కోడిని, పామును గూర్చి మాట్లాడేటప్పుడు మన ఇంటిలో వాడే మాటే. సంస్కృతమునుండి తీసుకోదలిస్తే నిగ్రహము, దమనము, తపస్సు వంటి గౌరవనీయమైన మాటలు సిద్ధముగా ఉన్నాయి. కతోలికులు ఈస్టరుకు ముందటి కాలమును నేటికీ తపస్సుకాలము అంటారు. కాని ఈ రెండు వచనములలో తపస్సు లేదు, నిగ్రహము లేదు, సిగ్గు అసలే లేదు. 2 కొరింథీ 4:10లో 'మరణానుభవము' అనీ, శారా గర్భము విషయములో 'మృతతుల్యము' అనీ సందర్భమును బట్టి మాటలు వేరయ్యాయి. లాటిన్ కలిపివేసినదానిని తెలుగు మళ్లీ విడదీసింది.

అంతకంటె ముఖ్యమైనది కర్మపదము. తెలుగులో 'చంపు' అనగానే 'దేనిని?' అనే ప్రశ్న వస్తుంది. జవాబు లేకుండా వాక్యము నిలవదు. రోమా 8:13లో జవాబు శారీర క్రియలు. కొలొస్సయి 3:5లో జవాబు భూసంబంధమైన అవయవములు. అవి ఏవో పౌలు వెంటనే జాబితా ఇచ్చాడు: జారత్వము, దురాశ, ధనాపేక్ష మొదలైనవి. మనిషి ఆ జాబితాలో లేడు. అతని దేహమూ లేదు. ఎందుకంటే అదే పత్రిక 2:23లో దేహశిక్షకు పైకి జ్ఞానమువలె కనబడే రూపమే ఉన్నదనీ, నిజముగా దానికి విలువ లేదనీ పౌలు అప్పుడే చెప్పి ఉన్నాడు. రెండు వచనములను కలిపి చదివినవాడు శరీరమును కొట్టుకోవడమే పాపమును చంపడమని ఎన్నటికీ బోధించడు.

సిగ్గుకు తెలుగులో మాటల కొరత లేదు. సిగ్గు, లజ్జ, అవమానము, తలవంపు, నగుబాటు, పరువు పోవడము. వాడుక భాషలో 'సిగ్గుతో చచ్చిపోయాను', 'తల కొట్టేసినట్టయింది', 'చచ్చినంత పనైంది' అంటాము. అంటే సిగ్గును చావుతో పోల్చడము ఇంగ్లీషువారికి మాత్రమే తెలిసిన సంగతి కాదు. మన అమ్మలూ ఎరుగుదురు. అయితే ఈ నుడికారములలో చచ్చేది మనిషి. బైబిలు వచనములో చచ్చేది పాపము. ఇంగ్లీషులో ఒకే మాటలో ఇరుక్కున్న ఈ రెండు చావులు తెలుగులో వేరువేరు వాక్యములుగా ఉన్నాయి. ఇది మనకు దొరికిన మేలు. ఇంగ్లీషు వ్యాఖ్యానములు చదివే ఉత్సాహములో దీనిని పోగొట్టుకోకూడదు.

6. సాలూరు నేర్పే పాఠము

పైన చెప్పిన మూడు అర్థములు, అనగా మాంసము చావడము, పాపము చావడము, సిగ్గుతో చావడము, ఒకే చోట కలిసిన ఒక వ్యాధి ఉన్నది. అది కుష్ఠు. మా జిల్లాలోని సాలూరులో లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉన్నది. పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడక ముందునుండి, విజయనగరం, శ్రీకాకుళం పల్లెలనుండి, ఒడిషా సరిహద్దునుండి రోగులకు తెలిసిన పేరు అది.

కుష్ఠు రోగి మాంసము దానంతట అదే కుళ్ళి రాలిపోతుందని శతాబ్దాలపాటు లోకము నమ్మింది. 1873లో నార్వేలో హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్న తరువాత కూడా ఆ నమ్మకము పోలేదు. 1940లలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ (1914–2003) రోగుల చేతులను, పాదములను శ్రద్ధగా పరిశీలించి మరొక సంగతి గ్రహించాడు. వ్యాధి నరములను దెబ్బతీస్తుంది, స్పర్శ పోతుంది, నొప్పి తెలియదు. అందువలన రోగి వేడి పాత్రను పట్టుకొంటాడు, ముల్లు దిగినా నడుస్తాడు, రాత్రివేళ ఎలుక కొరికినా మేలుకోడు. గాయము మీద గాయమై అవయవము పోతుంది. అసలు శత్రువు నొప్పి కాదు, నొప్పి లేకపోవడము. తన జీవితాంతము ఆయన నొప్పిని దేవుని వరముగా బోధించాడు.

ఈ వెలుగులో ఎఫెసీ 4:19 చదవాలి. అక్కడ పౌలు వాడిన గ్రీకు మాటకు 'నొప్పి తెలియకుండా పోయినవారు' అని అర్థము. మన తెలుగు బైబిలు ఆ మాటను 'సిగ్గులేనివారై' అని అనువదించింది. పదమునకు పదము చూస్తే ఇది దూరమనిపించవచ్చు. కాని బ్రాండ్ కనుగొన్న సత్యమును బట్టి ఆలోచిస్తే ఎంత లోతైన అనువాదమో తెలుస్తుంది. సిగ్గు ఆత్మకు ఉన్న స్పర్శ. అది పోయినవాడు తాను కాలుతున్నట్టు కూడా ఎరుగడు. 1 తిమోతి 4:2లోని వాత వేయబడిన మనస్సాక్షి కూడా ఇటువంటిదే. కాబట్టి సిగ్గును చంపడము కూడా పరిహారము కాదు. పాపమును చంపడానికి సిగ్గు బ్రదికి ఉండాలి.

అయితే ఇదే వ్యాధి సిగ్గు రెండవ ముఖమును కూడా చూపింది. రోగికి చేతిలో స్పర్శ పోయింది గాని, మనస్సులో అవమానము పోలేదు. ఇంటివారు వేరు పళ్లెము పెట్టారు, ఊరు వెలివేసింది. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టము బిచ్చమెత్తే రోగులను పట్టి ఉంచడానికి అధికారమిచ్చింది. ఆ చట్టము 2016లో గాని రద్దు కాలేదు. కుష్ఠును విడాకులకు కారణముగా చూపే నిబంధనలు 2019లో గాని తొలగలేదు. 1980లనుండి బహుళ ఔషధ చికిత్స అందుబాటులోకి వచ్చి, 6 నుండి 12 నెలలలో వ్యాధి నయమవుతున్నది. 2005 డిసెంబరు నాటికి దేశము మొత్తము మీద రోగుల సంఖ్య 10,000 మందికి ఒకరికంటె తగ్గింది. అయినా లోకములో ఏటా నమోదయ్యే కొత్త రోగులలో సగము కంటె ఎక్కువమంది నేటికీ భారతదేశములోనే ఉన్నారు. సిగ్గుచేత మచ్చను దాచుకొని ఆలస్యముగా వచ్చేవారికే వైకల్యము మిగులుతున్నది. అనగా ఇతరులు మోపిన సిగ్గు కూడా అవయవములను చంపుతున్నది.

మాటలు మార్చవలసిన అవసరమును ఈ సేవ చేసినవారే ముందుగా గుర్తించారు. 1948లో హవానాలో జరిగిన అంతర్జాతీయ కుష్ఠు మహాసభ, రోగిని అతని వ్యాధి పేరుతో పిలిచే పాత ఇంగ్లీషు మాటను విడిచిపెట్టమని కోరింది. వెల్లెస్లీ బెయిలీ 1874లో స్థాపించిన సంస్థ కూడా ఆ మాటను తన పేరులోనుండి 1965లో తీసివేసింది. లేవీయకాండము 13, 14 అధ్యాయములలోని మాట నేటి కుష్ఠు వ్యాధి ఒక్కదానినే సూచించదని, అది బట్టకు, ఇంటి గోడకు కూడా వాడబడిందని మన విద్యార్థులకు తెలుసు. ప్రసంగ వేదికమీద కూడా ఆ సంగతి చెప్పాలి. పాపమునకు ఉపమానముగా కుష్ఠును వాడే ప్రసంగము వింటున్నవారిలో చికిత్స పొందినవారు కూర్చొని ఉండవచ్చు. మార్కు 1:41లో ప్రభువు ముందు ముట్టుకొన్నాడు. తరువాత యాజకుని యొద్దకు పంపి సమాజములో అతని స్థానమును తిరిగి ఇప్పించాడు.

7. మన సంఘములలో

ఏజెన్సీలో సేవ చేసేవారు మరొక చరిత్రను కూడా మరువకూడదు. సవరలు, జాతాపులు, గదబలు, కోదులు తరతరాలుగా సావుకార్ల గుమ్మము ముందు చేతులు కట్టుకొని నిలబడినవారు. అప్పు పేరుతో భూమి పోకుండా 1917లో ఒక చట్టము, 1959లో ఒక రెగ్యులేషను, 1970లో దానికి బలమైన సవరణ, మనము '1/70' అని పిలిచేది, అవసరమయ్యాయి. తమ భాష, తిండి, కట్టు అన్నీ నవ్వుల పాలైన ప్రజలు వీరు. దళిత క్రైస్తవుల చరిత్ర కూడా ఇటువంటిదే. వీరికి సువార్త మొదట ఇచ్చినది తల ఎత్తుకొనే ధైర్యము. అటువంటివారిని మందిరములోనే తిరిగి తల దించుకొనేలా చేస్తే, సావుకారు చేసిన పనిని సంఘము పూర్తి చేసినట్టవుతుంది.

కొన్ని సంఘములలో, ముఖ్యముగా వివాహము విషయములో తప్పిన పడుచువారిని, అందునా ఎక్కువగా ఆడపిల్లను, ఆదివారము అందరి ఎదుట నిలబెట్టి ఒప్పుకోలు చెప్పించే ఆచారమున్నది. అదే సంఘములో సంఘపు సొమ్ము లెక్క చెప్పని పెద్దను ఎవరూ నిలబెట్టరు. దీనికి బైబిలు ఆధారమని చూపేది మత్తయి 18వ అధ్యాయము. కాని ప్రభువు చెప్పిన క్రమములో మొదటి మెట్టు ఒంటరిగా వెళ్లి మాట్లాడడము. రెండవది ఇద్దరు ముగ్గురు. సంఘము చివరిది. ఆ క్రమమంతా ఒకే ఉద్దేశముతో ఉన్నది: సహోదరుని సంపాదించుకోవడము. కొరింథులో శిక్షింపబడినవాని విషయములో పౌలు 2 కొరింథీ 2:6, 7లో ఇక చాలు అన్నాడు. అతడు దుఃఖములో మునిగిపోకుండా క్షమించి ఆదరించమన్నాడు. చంపడము దగ్గర ఆగక బ్రదికించడము వరకు వెళ్లినదే నిజమైన క్రమశిక్షణ. సంస్కర్తలు ఆ రెండు మాటలను జంటగా ఉంచినది ఇందుకే.

ఈ పరిశీలననుండి కాపరులకు మూడు ప్రశ్నలు మేము సూచిస్తున్నాము. ఒక క్రమశిక్షణ నిర్ణయము తీసుకొనే ముందు పెద్దల సభలో వీటిని అడగడము మంచిది. ఇక్కడ మనము చంపబోతున్నది ఏ క్రియను? దాని పేరు స్పష్టముగా చెప్పగలమా? ఈ వ్యక్తి మనస్సాక్షిలో స్పర్శ బ్రదికి ఉన్నదా? ఉంటే దానిమీద మళ్లీ ఎందుకు కొట్టాలి? లేకపోతే నలుగురి ఎదుట నిలబెట్టినందువలన అది తిరిగి వస్తుందా? చివరిగా, ఈ మనిషిని ఏ దినమున, ఎవరి చేతిమీదుగా తిరిగి బల్ల యొద్దకు తీసుకొని వస్తాము? ఈ మూడవదానికి జవాబు లేని తీర్మానమును వ్రాయకుండుట మేలు.

ముగింపు

ఒక లాటిన్ మాట రోగిష్టి అవయవమునుండి ధర్మాస్తుల పత్రము వరకు, మఠపు గదినుండి విందు గది వరకు ప్రయాణించి చివరకు తలవంపుకు పేరుగా మిగిలింది. తెలుగు బైబిలు ఆ దారిన నడవలేదు. పాపమును చంపమని ఒక చోట, సిగ్గులేనివారు కావద్దని మరొక చోట, సిగ్గుపరచబడరు అనే వాగ్దానము ఇంకొక చోట, మూడూ వేరువేరుగా ఉంచింది.

ఈ మూడూ కలిసేది సిలువ దగ్గర మాత్రమే. రోమీయులు సిలువను బానిసలకు, తిరుగుబాటుదారులకు విధించినది ప్రాణము తీయడానికి మాత్రమే కాదు. వస్త్రములు లాగి, దారిన పోయేవారికి చూపించి, మనిషిని మనిషి కాకుండా చేయడానికి. హెబ్రీ 12:2 ప్రకారము ప్రభువు ఆ అవమానమును లెక్కచేయలేదు. ఆయన దానిని భరించినది, అది తరువాత మన చేతికి ఆయుధముగా రావడానికి కాదు. పాపమునకు చావు ఉండాలి, పాపికి బ్రదుకు ఉండాలి. ఈ భేదమును కాపాడే బాధ్యత దేవుడు మన భాషలోనే మనకు అప్పగించాడు. ఆ బాధ్యతను వేదికమీద, పెద్దల సభలో, కొండమీది గూడెములో నమ్మకముగా నెరవేర్చుదము గాక.